పుట్టుమచ్చల నుంచి కీవర్డుల దాకా

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బన్ రేవులో ఆగింది. అందులో 342 మంది ఉన్నారు. నటాల్ చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా భారతదేశం నుంచి చేరిన తొలి బృందం అది. ఆ తర్వాత 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా అదే దారిన వెళ్లారు. అందులో మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లే. విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు లాంటి జిల్లాల పేర్లు ఆ ఓడల జాబితాల్లో కనిపిస్తూ ఉంటాయి.

ఆ జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మనిషికో వరస. ముందు ఒక నంబరు, తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు. అన్నిటికీ చివర ఒంటి మీది గుర్తులకు ఒక గడి. మోకాలి మీద మచ్చ, చెంప మీద పుట్టుమచ్చ, చేతి మీద పచ్చబొట్టు, ఇలాంటివి అందులో రాసేవాళ్లు. ఈ మనిషికి ఏ పని వచ్చు, ఇంతకుముందు ఎక్కడ చేశాడు అన్నదానికి మాత్రం గడి లేదు. దుక్కి దున్నినవాడైనా, మగ్గం నేసినవాడైనా, కుమ్మరి సారె తిప్పినవాడైనా ఆ కాగితంలో ఒక్కటే. తోటల యజమానికి కావలసింది పారిపోతే పట్టుకోవడానికి ఆనవాలు. పనితనం అతనికి అక్కర్లేదు.

విదేశంలో ఉద్యోగం కోసం తెలుగువాళ్ల మీద రాసిన తొలినాటి కాగితాల్లో ఇదొకటి. వాళ్ల గురించి వేరెవరో, వేరే భాషలో, ఆ దేశం అడిగిన గళ్లలో నింపిన కాగితం. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే పేరు అలా పడింది. నాయుడు అన్న మాట దక్షిణాఫ్రికాలో ఇంగ్లిషు ‘ఓ’లు రెండు తగిలించుకుని ఇంటిపేరైపోయింది. ఇవాళ్టికీ డర్బన్ టెలిఫోను డైరెక్టరీల నుంచి బోర్డుల దాకా అలాగే ఉంది. మారిషస్‌లో 1860ల నాటికే కూలీల కాగితాలకు ఫొటో కూడా అంటించడం మొదలుపెట్టారు. ఉద్యోగం కాగితం మీద ఫొటో ఉండాలా వద్దా అన్న తగువుకు మూలం వెతుకుతూ పోతే అలాంటి చోట్లకే చేరతాం. ఆ ఫొటో నిఘా కోసం పుట్టింది.

అదే కాలంలో తన గురించి మంచి మాట రాయించుకున్న కాగితం మోసిన పనివాళ్లూ ఉన్నారు. మద్రాసు రాజధానిలో దొరల ఇళ్లలో చేసే బట్లర్లు, వంటవాళ్లు, ఆయాలు. దొర బదిలీ అయినా, సీమకు తిరిగి వెళ్లినా ఒక చిట్టీ రాసిచ్చేవాడు. నమ్మకస్తుడు, తాగడు, కూర బాగా వండుతాడు అని నాలుగు ముక్కలు. వాటిని గుడ్డలో చుట్టి దాచుకుని, కొత్త దొర వచ్చినప్పుడు కట్ట విప్పి చూపించేవాళ్లు. కట్ట ఎంత లావుంటే అంత అనుభవం. ఇంగ్లిషు చదవడం రాని మనిషి చేతిలో ఆ చిట్టీ ఒక్కోసారి వెక్కిరింతగా కూడా ఉండేది. వీడు దొంగ, జాగ్రత్త అని రాసున్న కాగితాన్నే అమాయకంగా ముందు తీసి చూపించిన వంటవాళ్ల కథలు ఆనాటి ఇంగ్లిషువాళ్ల జ్ఞాపకాల్లో వినోదంగా కనిపిస్తాయి. చిట్టీలు చేతులు మారడం, అద్దెకు దొరకడం కూడా వాటిలో కనిపించే మాటే. తనది కాని అనుభవాన్ని తన పేరు మీద చూపించడం కంప్యూటర్లతో పుట్టిన విద్య కాదన్నమాట.

ఈ చిట్టీలు సముద్రం కూడా దాటాయి. దొరసాని పిల్లల్ని చూసుకుంటూ ఆయాలు ఓడల్లో ఇంగ్లండుకు వెళ్లేవాళ్లు. అక్కడికి చేరాక కొందరిని పనిలోంచి తీసేసి వదిలేసేవాళ్లు. అలాంటివాళ్ల కోసం లండన్‌లో ‘ఆయాల ఇల్లు’ ఒకటి నడిచింది. 1900లో అది హాక్నీ ప్రాంతానికి మారింది. మళ్లీ ఇండియాకు వెళ్లే ఏదో ఒక కుటుంబం దొరికేదాకా ఆయా అక్కడ ఉండేది. పాత యజమానురాలు రాసిచ్చిన మంచి మాట ఆమెకు తిరుగు టిక్కెట్టుతో సమానం.

చదువుకున్నవాళ్ల సంగతి ఇంతకంటే మెరుగ్గా ఏమీ లేదని యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెబుతుంది. భీమవరంలో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన ఆయన ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు ఒక మెట్టు తక్కువైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. 1920ల మొదట్లో హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం బోస్టన్ చేరినప్పుడు ఆ మూడక్షరాలే ఆయన యోగ్యతాపత్రం. అమెరికాలో వైద్యం చేసే లైసెన్సు లేదు. ఆసుపత్రిలో డాక్టరుగా చేరే దారి మూసుకుపోయింది. బతకడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరి రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తారు. మద్రాసులో ఒక ప్రొఫెసరు కోపం అట్లాంటిక్ అవతల కూలి పని దాకా వెంట వచ్చిందనుకుంటే అతిశయోక్తి కాదు.

ఆయన కాగితాన్ని మార్చింది పరిశోధనే. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతా పిలిచాక ఎల్.ఎం.ఎస్. గురించి అడిగేవాళ్లు తగ్గిపోయారు. 1930లో హార్వర్డ్ నుంచి పీహెచ్.డి. వచ్చింది, 1940లో లెడర్లీ సంస్థకు మారారు. ఒక దేశం ఇచ్చిన పట్టాను మరో దేశం గుర్తించకపోతే, ఆ దేశంలోనే ఇంకో పట్టా సంపాదించి పాతదాని పైన పెట్టుకోవడం అన్న మార్గం అప్పటినుంచి ఎంతమందికి రాజమార్గమైందో చెప్పక్కర్లేదు. అమెరికాలో ఎం.ఎస్. చేసేవాళ్లలో చాలామంది చేస్తున్నది అదే.

డాక్టర్ల విషయంలో తర్వాత ఈ వ్యవహారం పరీక్షల రూపంలో స్థిరపడింది. విదేశీ వైద్య పట్టభద్రుల్ని వడపోసే ఇ.సి.ఎఫ్.ఎం.జి. అనే సంస్థ అమెరికాలో 1956లో ఏర్పడింది. 1965లో వలస చట్టం మారి ఆసియా దేశాలకు తలుపులు తెరుచుకున్నాక గుంటూరు, ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ వైద్య కళాశాలల నుంచి డాక్టర్లు ఆ జల్లెడ గుండానే వెళ్లారు. బ్రిటన్ అయితే చాలాకాలం భారతీయ డిగ్రీని తన డిగ్రీలాగే చూసి, 1975లో ఆ గుర్తింపు తీసేసింది. అంతకుముందు ఏడాది ఓడో విమానమో ఎక్కిన సీనియరుకు అక్కర్లేని పరీక్ష జూనియరుకు తప్పనిసరైంది.

ఇంతవరకూ కాగితంలో ఏమేం ఉండాలన్న కథ. ఇరవయ్యో శతాబ్దం నడుమ నుంచి దేశాలు ఏమేం ఉండకూడదని కూడా తేల్చడం మొదలుపెట్టాయి. సీవీ చరిత్రలో అసలు ఆసక్తికరమైన భాగం ఇదేననిపిస్తుంది. ఎందుకంటే ఒక్కో దేశం కొట్టేసిన గడి వెనక ఒక పోరాటం ఉంది.

న్యూయార్క్ రాష్ట్రం 1945లోనే ఉద్యోగాల్లో జాతి, మత వివక్షను నిషేధించింది. 1964లో పౌరహక్కుల చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. 1967లో వయసు పేరుతో వివక్ష చూపకూడదని మరో చట్టం వచ్చింది. అమెరికన్ రెజ్యూమెలో ఫొటో, పుట్టిన తేదీ, మతం, పెళ్లయిందా లేదా అన్నవి కనిపించకపోవడానికి కారణం ఇదే. ఫొటో అంటించి పంపితే అక్కడి కంపెనీ ముచ్చటపడదు, కంగారుపడుతుంది. రేపు ఉద్యోగం ఇవ్వకపోతే రంగు చూసి కాదన్నారని కేసు పడొచ్చన్న భయం.

జపాన్ కథ తెలుగు పాఠకుడికి ఇంకా దగ్గరగా తగులుతుంది. అక్కడ ఉద్యోగానికి పెట్టే పత్రాన్ని రిరెకిషో అంటారు. గళ్లు గీసిన ఫారం, 4 సెంటీమీటర్ల ఎత్తు 3 సెంటీమీటర్ల వెడల్పు ఫొటో, చేతిరాత. ఒక్క అక్షరం తప్పు పోతే తెల్ల రంగు పూసి దిద్దడం మర్యాద కాదు, కొత్త ఫారం తీసి మొదటినుంచి రాయాలి. అయితే ఈ ముచ్చట్ల కింద ఒక చేదు చరిత్ర ఉంది. చర్మం పని, చనిపోయిన పశువుల పని చేసేవాళ్లను జపాన్‌లో తరతరాలుగా వెలిగా ఉంచారు. 1871లో ఆ భేదాన్ని ప్రభుత్వం చట్టపరంగా రద్దు చేసింది. మనుషులు మాత్రం ‘బురాకు’ అనే పేటల్లోనే ఉండిపోయారు. మొహం చూస్తే తెలియదు, పేరు చూసినా చాలాసార్లు తెలియదు. చిరునామా చూస్తే తెలుస్తుంది. ప్రతి కుటుంబానికీ మూల నివాసం నమోదై ఉంటుంది. ఉద్యోగ దరఖాస్తులో ఆ మూల నివాసం గడి, తండ్రి ఏం చేస్తాడన్న గడి ఉంటే చాలు, కంపెనీకి కావలసిన కబురు అందినట్టే. ఏ ఊరు అని అడిగి, ఊళ్లో ఎటువైపు అని మళ్లీ అడిగే మన పద్ధతి ఎరిగినవాళ్లకు ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు.

బురాకు విముక్తి ఉద్యమం, దానితో కలిసి నడిచిన ఉపాధ్యాయులు ఆ గళ్ల మీదే పోరాడారు. హైస్కూలు ముగించి ఉద్యోగాలకు వెళ్లే పిల్లల కోసం ఒసాకా, క్యోటో ఉన్న కిన్‌కి ప్రాంతంలో 1971లో ఒక ఉమ్మడి ఫారం తెచ్చారు. 1973లో అలాంటిదే దేశమంతటికీ వచ్చింది. కంపెనీలు సొంత ఫారాలు ఇచ్చి ఇష్టమొచ్చినవి అడగడం మానుకోవాలన్నది ఉద్దేశం. కంపెనీలు వెంటనే మారిపోయాయా అంటే లేదు. బురాకు పేటల పేర్లు, అవి ఉన్న చోట్లు జాబితాగా అచ్చేసిన పుస్తకం ఒకటి దొంగచాటుగా అమ్ముడవుతోందని 1975లో బయటపడింది. కొన్నవాళ్లలో పేరుమోసిన కంపెనీలు ఉన్నాయి. ఫారం మీద అడగలేనిది పుస్తకంలో వెతుక్కుందామనుకున్నారు.

ఆ దేశంలో గళ్ల మీద తగువు ఇంకా సాగుతూనే ఉంది. జపాన్ ప్రమాణాల సంస్థ తన నమూనా రిరెకిషోను 2020లో ఉపసంహరించుకుంది. ఆడా మగా అని టిక్కు పెట్టించే గడి మీద వచ్చిన అభ్యంతరం దానికి నేపథ్యం. 2021లో అక్కడి కార్మిక శాఖ కొత్త నమూనా ఇచ్చింది. అందులో లింగం గడి ఖాళీగా వదిలినా ఫర్వాలేదు. ఆధారపడ్డవాళ్లు ఎందరు, భార్యో భర్తో ఉన్నారా, ఆఫీసుకు రావడానికి ఎంతసేపు పడుతుంది అన్న గళ్లు ఎగిరిపోయాయి. ఫొటో మాత్రం అలాగే ఉంది.

యూరప్‌లో తలోదారి. జర్మనీలో 2006లో సమానత్వ చట్టం వచ్చి ఫొటో అడిగే పద్ధతికి కళ్లెం పడింది. అడగకపోయినా స్టూడియోకు వెళ్లి మంచి ఫొటో దిగి పెట్టడం, చివర ఊరూ తేదీ రాసి సంతకం చేయడం అక్కడ ఇంకా కనిపించే అలవాటే. ఫ్రాన్స్ అదే 2006లో మరీ సాహసం చేసింది. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు పేరు లేని సీవీలే చూడాలని చట్టం చేసి, అమలు ఉత్తర్వు ఇవ్వకుండా ఏళ్లు గడిపి, చివరికి 2015లో ఇష్టమైతేనే అని సడలించింది. ఇన్ని దేశాల్లో ఇన్ని తీరులైతే మనుషులు తిరిగేదెలా అని యూరోపియన్ యూనియన్ 2000ల మొదట్లో ఉమ్మడి నమూనా తయారుచేసి, 2004 నిర్ణయంతో యూరోపాస్ అని పేరు పెట్టింది. అది పనికొచ్చే చోట పనికొస్తుంది. చూడగానే ప్రభుత్వ కాగితంలా ఉంటుందని ముఖం చిట్లించే కంపెనీలూ లేకపోలేదు.

ఇక మన బయోడేటా. ఉద్యోగానికీ పెళ్లికీ ఒకే పేరుతో పిలిచే కాగితం బహుశా ఇంకెక్కడా ఇంత గట్టిగా నిలిచి ఉండదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, వివాహ స్థితి, మతం, మాతృభాష, తెలిసిన భాషలు, అభిరుచులు, శాశ్వత చిరునామా. చివర, పైన రాసినవన్నీ నాకు తెలిసినంత మేరకు నిజమని ప్రమాణం చేస్తున్నాను అన్న వాక్యం, ఎడమ పక్క స్థలం, తేదీ, కుడి పక్క సంతకం. ఇది ప్రభుత్వ దరఖాస్తు ఫారం నుంచి దిగిన వారసత్వం. గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం చేస్తే తప్ప మార్కుల జాబితా నకలు మార్కుల జాబితా కాని రోజుల్లో పుట్టిన పద్ధతి. ఇంజినీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్ నమూనాల్లో ఆ ప్రమాణ వాక్యం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

1990లో అమెరికా వలస చట్టం హెచ్1బీ వీసాను ఏడాదికి 65 వేల పరిమితితో తెచ్చింది. అప్పుడు ఈ బయోడేటా పెద్ద సంఖ్యలో సముద్రం దాటాల్సి వచ్చింది. 2000 సంవత్సరం రాగానే పాత కోబాల్ ప్రోగ్రాములు తేదీలు తప్పు చదువుతాయన్న భయం మనుషుల గిరాకీని పెంచింది. 1999, 2000 ఏళ్లకు పరిమితి 1,15,000 అయింది. ఆపై మూడేళ్లు 1,95,000. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ మేడల్లో శిక్షణ కేంద్రాలు పుట్టగొడుగుల్లా లేచాయి. మెయిన్‌ఫ్రేమ్, ఒరాకిల్, జావా, శాప్. మెట్ల మీద కరపత్రాలు, గోడలనిండా బోర్డులు, కింద కోర్సు మెటీరియల్ అమ్మే జిరాక్స్ షాపులు. చైనాకు చెందిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో ఈ వ్యాపారాన్ని హైదరాబాద్ నుంచి సిడ్నీ దాకా వెంబడించి 2007లో ఒక పుస్తకమే రాశాడు. బాడీ షాపింగ్ అన్న మాట దాని పేరులోనే ఉంది.

అమీర్‌పేటలో కోర్సుతోపాటు నేర్పే మరో విద్య రెజ్యూమె తయారీ. తండ్రి పేరు, మతం, ప్రమాణ వాక్యం మొదటిరోజే ఎగిరిపోతాయి. మిగతా అమెరికా అంతా ఒకటి రెండు పేజీల రెజ్యూమె అంటుంటే, మన కన్సల్టెన్సీల రెజ్యూమె ఆరేడు పేజీలు సాగుతుంది. దీనికో కారణం ఉంది. ఉద్యోగం ఇచ్చే క్లయింటుకూ పని చేసే మనిషికీ మధ్య వెండర్, అతని కింద ఇంకో వెండర్, ఆ కింద వీసా పెట్టిన ఎంప్లాయర్ ఉంటారు. ఈ గొలుసులో రెజ్యూమెను చదివేవాడికంటే వెతికేవాడు ముఖ్యం. అందుకే ఒక్కో ప్రాజెక్టు కింద ‘ఎన్విరాన్‌మెంట్’ అని రాసి, వాడిన సాఫ్ట్‌వేర్ల పేర్లన్నీ కామాలతో వరసగా పేరుస్తారు. జావా, స్ప్రింగ్, హైబర్నేట్, ఒరాకిల్, యూనిక్స్ అంటూ సాగే ఆ మూడు వరసలు మనిషి చదవడానికి రాసినవి కావు. రిక్రూటర్ కంప్యూటర్లో పదం కొడితే ఈ రెజ్యూమె పైకి తేలాలి. అమెరికాలో 1994లో మాన్‌స్టర్, మన దగ్గర 1997లో నౌక్రీ వచ్చాక ఉద్యోగాల వేటలో ఇదే అసలు ఆట అయింది.

జేడీకి తగ్గట్టు రెజ్యూమె మార్చి పంపు అన్న మాట ఈ వ్యాపారంలో రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. జేడీ అంటే కంపెనీ ఇచ్చిన ఉద్యోగ వివరణ. చేసిన పనిలో వాళ్లకు కావలసింది ముందుకు తెచ్చి, అక్కర్లేనిది కుదించడం న్యాయమైన పనే. చిక్కు ఆ తర్వాతి మెట్టులో ఉంది. నిన్న మొన్న ఎం.ఎస్. ముగించిన కుర్రాడికి ఏడెనిమిదేళ్ల అనుభవం పెట్టడం, ఎన్నడూ చూడని బ్యాంకులో, బీమా కంపెనీలో ప్రాజెక్టులు సృష్టించడం, ఫోను ఇంటర్వ్యూకు వేరే గొంతును కూర్చోబెట్టడం. ప్రాక్సీ అన్న మాట తెలుగు ఇళ్లలో అమ్మమ్మలకు కూడా తెలిసిపోయిందంటే అది ఎంత సాధారణమైందో అర్థమవుతుంది. దీన్ని రెజ్యూమె మార్చుకోవడం అనడం సరికాదు, అది అద్దె చిట్టీయే. దానివల్ల నిజంగా ఎనిమిదేళ్లు పనిచేసినవాడి రెజ్యూమెను కూడా అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఏజెన్సీలను పెట్టుకున్నాయి, ఇంటర్వ్యూలో కెమెరా పెట్టమంటున్నాయి.

నిజమైన అనుభవానికి వీసా లెక్కల్లోనూ విలువ ఉంది. మన బీఎస్సీ, బీకాం మూడేళ్ల డిగ్రీలు, అమెరికన్ డిగ్రీ నాలుగేళ్లు. ఆ లోటు పూడ్చడానికి మూడేళ్ల పని అనుభవాన్ని ఒక ఏడాది చదువుగా లెక్కకట్టే నిబంధన హెచ్1బీలో ఉంది. అందుకే పాత కంపెనీ లెటర్‌హెడ్ మీద ఏ హోదాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏమేం చేశాడో రాసిన ఉత్తరం కోసం జనం తిరుగుతారు. రెజ్యూమెలో ఒక హోదా, ఉత్తరంలో మరో హోదా ఉంటే మరిన్ని ఆధారాలు చూపమనే ఆర్ఎఫ్ఈ నోటీసు వచ్చి కూర్చుంటుంది.

జేడీకి తగ్గట్టు కాగితం మార్చడం కొత్తదేమీ కాదు. సీవీల చరిత్ర ఎవరు చెప్పినా లియొనార్డో డావిన్చీ పేరు రాక మానదు. ఫ్లోరెన్స్ నుంచి మరో రాజ్యమైన మిలాన్‌లో కొలువు కోరుతూ 1482 ప్రాంతంలో అక్కడి పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు రాసిన ఉత్తరం ముసాయిదా మిగిలింది. మిలాన్ అప్పుడు వెనిస్‌తో యుద్ధంలో ఉంది. కాబట్టి ముప్పై ఏళ్ల ఆ చిత్రకారుడు ముందు తేలికపాటి వంతెనలు, కోటల కందకాల నీరు తోడే పద్ధతి, ఫిరంగులు, కప్పున్న యుద్ధ రథాలు చేయగలనని వరసగా రాశాడు. బొమ్మలు కూడా వేయగలనన్న మాట చివర్లో వస్తుంది. లుడోవికో తండ్రి స్మారకంగా కంచు గుర్రం చేసిపెడతానన్న ఎర దాని పక్కనే ఉంది. ఏ దొరకు ఏది కావాలో చూసి కాగితం కూర్చిన ఈ పని, జేడీకి తగ్గట్టు మార్చడానికి ఏమాత్రం తీసిపోదు. అయితే ఇవన్నీ చేశానని అతను రాయలేదు, చేయగలనన్నాడు. నమ్మకం లేకపోతే మీ తోటలోనే చేసి చూపిస్తానని ముగించాడు.

చేసి చూపించే పద్ధతి ఇవాళ గల్ఫ్ ఉద్యోగాల్లో ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వెళ్లే తాపీ మేస్త్రీకి, వెల్డరుకు రెజ్యూమె రెండు నిమిషాల పని. అసలు పరీక్ష ట్రేడ్ టెస్ట్. కంపెనీ మనిషి ఎదుట వెల్డరు రెండు పైపులు అతకాలి, మేస్త్రీ మట్టం తప్పకుండా గోడ లేపాలి. అతుకు చూసి ఔనో కాదో అక్కడే తేలుస్తారు. ఆఫీసు ఉద్యోగాలకు మాత్రం గల్ఫ్ సీవీ అమెరికా సీవీకి పూర్తిగా తలకిందులు. ఫొటో, పాస్‌పోర్టు నంబరు, జాతీయత, చాలాసార్లు మతం, వీసా స్థితి అన్నీ పైనే ఉండాలి. కొన్ని గల్ఫ్ దేశాలకు డిగ్రీ మీద రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశం రాయబార కార్యాలయం ఒకదాని తర్వాత ఒకటి ముద్రలు వేయాలి. పత్రాలను ఒకే ముద్రతో గుర్తించే అపోస్టిల్ ఒప్పందంలో భారతదేశం 2005లో చేరినా, అందులో లేని దేశాలకు ఆ ఒక్క ముద్ర చాలదు. 1983 వలసల చట్టం కింద పదో తరగతి దాటనివాళ్లు గల్ఫ్ ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఇంకో విడ్డూరం కూడా ఉంది. డిగ్రీ చదివినవాడు కూలీ వీసా మీదే వెళ్తుంటాడు, కాగితంలో చదువు దాచుకుని. సీవీని పెంచుకోవడం గురించి అమీర్‌పేట మాట్లాడుతుంటే, ఉత్తర తెలంగాణలో కొందరు దాన్ని తగ్గించుకుంటున్నారు.

ఏ దేశానికి ఎలా మార్చినా కాగితం పైనుండే పేరు మిగులుతుంది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా పడితే పాస్‌పోర్టులో అలా. అమెరికా ఫారంలో ఫస్ట్ నేమ్ దగ్గర ఇంటిపేరు పడి, ఆఫీసులో అందరూ ఆ ఇంటిపేరుతోనే పిలిచే తెలుగువాళ్లు ఎందరో. పాస్‌పోర్టులో ఒకే పేరుంటే వీసా మీద ముందు పేరు తెలియదన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అని అచ్చవుతుంది. కొన్ని కంపెనీల జాబితాల్లో ఆ మూడక్షరాలే మనిషి పేరైపోయిన సందర్భాలున్నాయి. తెలుగు రిక్రూటర్ చేతిలో పడితే అదే ఇంటిపేరు కులం కబురు చెబుతుంది. అమెరికాలో కుల వివక్షను నిషేధించిన తొలి నగరంగా సియాటెల్ 2023లో ముందుకొచ్చింది.

పేరు ఎంత పని చేస్తుందో లెక్కతో చూపినవాళ్లు ఉన్నారు. ఆర్థికవేత్తలు మరియాన్ బెర్‌ట్రాండ్, సెంధిల్ ముల్లయినాథన్ బోస్టన్, షికాగోల్లో దాదాపు ఐదు వేల కల్పిత రెజ్యూమెలు పంపించారు. తెల్లవాళ్ల పేర్లలా వినిపించేవాటికి, నల్లవాళ్ల పేర్లలా వినిపించేవాటికంటే 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. 2004లో అది ప్రచురితమైంది. ఫిలిప్ ఒరియోపోలస్ టొరంటో ప్రాంతంలో దాదాపు 13 వేల రెజ్యూమెలతో చేసిన అలాంటి ప్రయోగం 2011లో ప్రచురితమైంది. చదువు, అనుభవం కెనడావే అయినా, ఇంగ్లిషు పేరుకు, భారతీయ, పాకిస్తానీ, చైనా పేర్ల కంటే దాదాపు 40 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. అనుభవం స్వదేశానిదైతే పిలుపులు ఇంకా పడిపోయాయి.

కెనడా చేరిన తెలుగు ఇంజినీర్లు, అకౌంటెంట్లు మొదటి ఇంటర్వ్యూలోనే వినే ప్రశ్న, కెనడియన్ అనుభవం ఉందా అని. ఉద్యోగం లేనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు. ఇది వివక్షే అవుతుందని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లో విధానం ప్రకటించింది. అయినా ప్రకటనల్లో ఆ షరతు కొనసాగింది. 2026 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలో 25 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు తమ ఉద్యోగ ప్రకటనల్లో కెనడియన్ అనుభవం కావాలని రాయడానికి వీల్లేదు. అదే రోజు అమల్లోకి వచ్చిన మరో నిబంధన ప్రకారం, దరఖాస్తులను వడపోయడానికి కృత్రిమ మేధను వాడుతుంటే ఆ సంగతి ప్రకటనలోనే రాయాలి.